ఆ 'ఎవరూ'లో

నవంబరు. తెల్లవారుజాము.
గలీసియా తీరంలో సముద్రం వెనక్కి తగ్గింది.
మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చేతుల్లో ఇనుప గొర్రులు,
గుల్లలు ఏరే ఆడవాళ్లు
బురదలో వంగి నడుస్తున్నారు.
వాళ్ల జేబుల్లో నేను రాసిన యాప్.

నీళ్లలో విషపు నాచు పెరిగిన రోజు
'ఇవాళ ఏరొద్దు' అన్న కబురు
అందరికీ ఒకేసారి చేరాలి.
వాళ్లు అడిగింది అంతే.
నేనిచ్చింది కొండంత:
ఏ కంపెనీ గుమ్మం తొక్కక్కర్లేని మాట,
ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకునే స్వేచ్ఛ,
ఎవరైనా చదివి, దిద్ది, మళ్లీ రాసుకోగల
నూట పన్నెండు పేజీల నియమావళి.
అందులో ఒక్క కామా కోసం
ఎన్నడూ చూడని ఓస్లో మనిషితో
మూడు రాత్రులు వాదించాను.

తెర తెరవగానే అడుగుతుంది: మీ సర్వర్ ఎంచుకోండి.
పధ్నాలుగు పేర్లు.
దోసిందా తడివేళ్లతో పైకీ కిందకీ జరిపి జరిపి
"వీటిలో మన సముద్రం ఏది?" అంది.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఇంటికెళ్లాక నవ్వు రాలేదు.
ఆ వారమే సగం మంది పాత యాప్‌కి వెళ్లిపోయారు.
దాని గడియ బయటి నుంచి, నిజమే,
కానీ లోపల దీపం వెలుగుతుంది.

మార్చిలో దోసిందా ఫోను బురదలో పడింది.
కొత్తది కొంది. పేరు చెప్పింది, పుట్టిన తేదీ చెప్పింది.
పాత మాటలు రాలేదు.
వాటిలో చెల్లెలు రెమెదియోస్ గొంతు ఉంది,
ఆసుపత్రి మంచం మీంచి పంపిన పదకొండు ముక్కలు.
ఒకదాంట్లో దగ్గు తప్ప ఏమీ లేదట.

"తాళంచెవి ఫోనుతోనే పోయింది," అన్నాను.
"నా దగ్గరా లేదు. మా గొప్పే అది.
ఎవరూ తెరవలేరు."
ఆమె గొర్రు గోడకి ఆనించి
"ఆ 'ఎవరూ'లో నేనూ ఉన్నానా?" అంది.

నూట పన్నెండు పేజీల్లో ఎక్కడా లేదు ఆ ప్రశ్న.

తాళంచెవిని మూడు ముక్కలు చేశాను.
నమ్మిన ముగ్గురి దగ్గర మూడు,
ఏ రెండు కలిసినా తలుపు తీసుకుంటుంది.
సర్వర్ అడగడం మానేశాను.
సంఘానిదే ముందుగా పెట్టి ఉంటుంది,
మార్చుకునే దారి లోపలెక్కడో, వెతికేవాళ్లకి.

ఓస్లో మనిషి రాశాడు:
ఇలాగే మొదలవుతుంది. ఒక సులువు, ఇంకో సులువు,
చివరికి గోడ.
అబద్ధం కాదు. నాకూ రాత్రిళ్లు అదే భయం.
జవాబు సగం రాసి వదిలేశాను.

ఆ పదకొండు ముక్కలు మాత్రం రాలేదు. రావు.
దోసిందా కాఫీ డబ్బాలో ఇప్పుడు
పక్కింటి కార్మిన్యా తాళంచెవి ముక్క ఉంది,
కరెంటు బిల్లుల కింద.

నిన్న పొద్దున్నే బురదలో
నలభై ఒక్క జేబులు ఒక్కసారిగా వణికాయి.
నడుములెత్తారు. చదివారు. గొర్రులు భుజానికెత్తుకుని
ఒడ్డుకి నడిచారు, బంగాళదుంపల ధర మాట్లాడుకుంటూ.
ఫోను వైపు ఎవరూ
రెండోసారి చూడలేదు.