యల్లమంద బావి

ఉత్తరం మీద కర్నూలు జిల్లా అని ఉంది.
మేం ప్రకాశంలో కలిసి అప్పటికి నాలుగేళ్ళు.
ఆ సంగతి కెనడాకు ఎవరు చెబుతారు?
మద్రాసు చూసి, కర్నూలు చూసి,
వీపున మూడు ముద్రలు కొట్టించుకుని
తర్లుపాడు పోస్టాఫీసులో నా బల్ల మీద పడింది.
పేరు మాత్రం సరిగ్గానే రాశాడు:
సాపర్ కంచర్ల యల్లమంద.

అప్పుడతను పలకల గనిలో మందు దట్టేవాడు.
ఇటలీలో మైన్లు ఏరిన చేతికి
రెండు వేళ్ళు తక్కువ.
అవి యుద్ధంలో పోలేదు, గనిలో పోయాయి,
అందుకని వాటికి పింఛను లేదు.
ఈ మాట నవ్వుతూనే చెప్పేవాడు,
మేం నవ్వితే మాత్రం ఊరుకునేవాడు కాదు.

చదివి చెప్పమన్నాడు.
రాసినవాడి పేరు ఓరెస్ట్. గోధుమ రైతు.
కొండన్నది లేని నేలట,
పొద్దు పొడిచేటప్పుడు అడ్డం వచ్చేది
వాళ్ళ ధాన్యం కొట్టు ఒక్కటేనట.
మోకాట్లో ఇనప ముక్క ఇంకా ఉంది,
మంచు పడే ముందురోజు అదే కబురు చెబుతుంది.
శనివారాలు మాజీ సైనికుల హాల్లో పేకాట,
పద్నాలుగు మంది ఉండేవాళ్ళం, ఇప్పుడు ఐదుగురం.
చివర ఒక్క ప్రశ్న:
బావి తవ్వావా, నీళ్ళు పడ్డాయా?

ఏటి ఒడ్డున, వంతెన సగంలో ఉండగా,
ఒకే గుంటలో ఇద్దరూ నక్కిన రాత్రి
(ఇంగ్లీషు ఇద్దరికీ అంతంత మాత్రమే)
అగ్గిపుల్లతో బురదలో గీసి చూపాడట యల్లమంద.
ఇది నల్లమల. ఇది మా చేను.
బావి ఇక్కడ.

విని బీడీ ముట్టించాడు.
ఆర్పాడు. మళ్ళీ ముట్టించాడు.

మూడుచోట్ల తవ్వాడని తాలూకా అంతా ఎరుగు.
మొదటిదానికి ముప్పై అడుగుల్లో బండ.
రెండోది మిలిటరీ డబ్బంతా మింగి
నలభై రెండు దగ్గర కాస్త చెమ్మ చూపి ఊరుకుంది.
మూడోదాంట్లోకి మేనల్లుడు దిగాడు,
వాణ్ణి తాడు కట్టి పైకి లాగారు.
దాన్ని పూడ్చేశాడు.
ఇప్పుడక్కడ ఆముదం చెట్లు.

"రాయి సామీ."
"ఏమని?"
"అరవై అడుగులకు పడ్డాయని రాయి.
తియ్యగా ఉంటాయని రాయి.
రెండు కపిలలు తోలినా మట్టం దిగదని."
నా కలం ఆగింది.
"ఆ రాత్రి నా సీసాకు చిల్లి పడింది," అన్నాడు.
"తెల్లారేదాకా వాడి నీళ్ళే తాగినా."

రాశాను.
స్టాంపులు నా డబ్బుతోనే అంటించాను.

రెండేళ్ళకు ఇంకో కవరు, ఇంకెవరిదో దస్తూరి.
కోతల్లో పోయాడట ఓరెస్ట్.
మా జవాబు హాల్లో నిలబడి చదివాడట,
ఐదుగురూ గ్లాసులెత్తి
మన బావి పేరు చెప్పి తాగారట.
తర్లుపాడు యల్లమంద బావిలో
నీళ్ళు పడ్డది అక్కడే.

యల్లమంద ఏమీ అనలేదు.
కోతలంటే మనకు ఏ నెల అని మాత్రం అడిగాడు.

తర్వాత మార్కాపురం బ్యాంకు గుమ్మంలో
పదకొండేళ్ళు తుపాకీ పట్టుకు కూర్చున్నాడు.
ఏటా నవంబరులో నా దగ్గరికొచ్చి
బతికే ఉన్నానని సంతకం పెట్టేవాడు,
ముద్ర సరిగ్గా పడిందో లేదో
వెలుతురుకు పట్టి చూసుకునేవాడు.

ఒక నవంబరు నాగేంద్రమ్మ వచ్చింది,
వేరే ఫారం పట్టుకుని.
మూడెకరాల మెట్ట. ఇల్లు రేకులది.
నీటి వసతి అన్న గడి దగ్గర
నా చెయ్యి దానంతటదే "ఉంది" అని రాయబోయింది.
"లేదని రాయయ్యా," అంది,
"ఉందంటే డబ్బు కోసేస్తారు."

లేదని రాశాను,
ఆ బల్ల మీదే.