అచ్చుతప్పు

షిజువోకాలో వాన వదలని మధ్యాహ్నం
కిజిమా రెండు పెట్టెలూ పక్కపక్కనే విప్పాడు.

పాతదాంట్లో డెకాల్స్ టీ రంగుకి తిరిగాయి.
రబ్బరు టైరు ఆనుకున్న చోట
ప్లాస్టిక్ కరిగి గుంటపడింది,
ఒక్క ల్యాప్ కూడా తిరగకుండానే.

కొత్తది మరీ తెలుపు.
సిగరెట్ కంపెనీ పేరుండాల్సిన చోట
ఉత్త ఎర్ర పట్టీ.
రెక్క చుట్టూ దోసె అంచులా పల్చటి పొర:
అచ్చు అరిగింది మరి,
తన మోకాళ్లలాగే.

భూతద్దం తీశాడు.
డ్రైవర్ హెల్మెట్ వెనక, ఎడమవైపు,
వెంట్రుకంత గట్టు.
ఇరవై రెండేళ్లప్పుడు
ఉక్కు అచ్చు మీద ఉలి జారింది.
మేస్త్రీకి చెప్పలేదు.

పాతదాంట్లో ఉంది.
కొత్తదాంట్లోనూ.
పేర్లు చెరిపినవాళ్లు
దీన్ని చూడనేలేదు.

“నేనేనండీ” అన్నాడు పైకే,
గదిలో మేస్త్రీ లేకపోయినా.