అభావం మీద పాఠం

ఇరవై ఏళ్లుగా ఒకటే ఉదాహరణ:
నేల మీద కుండ లేదు.
లేదని ఎట్లా తెలిసింది?
లేనిదాన్ని కన్ను చూసిందా?

అనంతపురం, మార్చి, మూడో పీరియడు.
ఫ్యాను తిరగడం లేదు; అదీ ఉదాహరణే.

వెనక బెంచీలో కూడేరు ఓబులమ్మ లేచింది:
"కుండ ఉంది సార్. నీళ్లే లేవు.
ఏడు బోర్లేసినాడు మా నాయన.
ఏడోదానికి అరచేతిలో టెంకాయ లేచి నిలబడింది.
టెంకాయ ఏం చూసినట్టు సార్?"

అందరూ నవ్వారు.
నేను నవ్వబోయి ఆగాను.
వేళ్ల మధ్య చాక్‌పీసు పొడి రాలుతోంది.

ద్వారంలో అటెండరు మస్తాన్‌వలి,
పీర్ల గుండంలో నడిచి కాళ్లు కాలనివాడు,
ఎందుకు కాలలేదని నన్నెప్పుడూ అడగనివాడు,
"ట్యాంకరొచ్చింది" అన్నాడు.

తరగతి ఖాళీ.
బోర్డు మీది వాక్యంలో "లేదు" తుడిచి
బాటిలు పట్టుకుని వరసలో నిలబడ్డాను,
ఓబులమ్మ వెనక.