ఒక మనిషికి ఒక అధ్యాయం

కౌంటరు అద్దం కింద ఆ కాగితం టైపు చేసింది నేనే:
"ఒక మనిషికి ఒక అధ్యాయం. స్వంత చదువుకు మాత్రమే."
పదకొండేళ్లకి అక్షరాలు టీ రంగుకొచ్చాయి.

మిరప తెగుళ్ల మీద ఆ పుస్తకం
లాం లైబ్రరీ మొత్తానికి ఒక్కటే ప్రతి.
ధర, హాస్టల్లో రెండు నెలల మెస్ బిల్లు.
వెన్ను ఊడితే రెండుసార్లు
మైదా జిగురుతో కాలికో అంటించాను.

సోమవారం జెస్సీరాణి ఒకటో అధ్యాయం రాయించుకుంది.
వెనకే మస్తాన్‌వలి, రెండు.
భోజనాలయ్యాక హరిణి వచ్చి, ఐదు అంది.
"మరి మూడూ నాలుగూ ఎవరివే?"
నవ్వి ఊరుకుంది.

శుక్రవారానికి రిజిస్టరులో తొమ్మిది పేర్లు,
తొమ్మిది అంకెలు,
ఒక్క అంకే రెండోసారి పడలేదు.
నాకు లెక్కలు రాక కాదు.
విడివిడిగా అందరూ గీత లోపలే ఉన్నారు,
కలిస్తేనే దాటుతున్నారు.
కలవడానికి నా దగ్గర గడి లేదు.
సంతకం పెట్టాను.

గేటు ఎదురు జిరాక్సు కొట్లో
మిర్చి టిక్కీల లారీ పోయినప్పుడల్లా తుమ్ముతూ
నాగుల్‌మీరా చీటీ ప్రకారమే కొట్టాడట.
"అమ్మగారు ఎన్ని పేజీలు రాస్తే అన్నే.
నా కొట్టు నాక్కావాలి."

సాయంత్రం తొమ్మిదిమందీ ఒక్కసారే దిగారు.
ఏడో అధ్యాయంలో నాలుగు పేజీలు లేవు మేడం.
బ్లేడుతో కోశారు.

వేలితో తడిమాను. నిజమే,
కుట్టు దగ్గర సన్నటి అంచు, గరుగ్గా.
ఎక్కడో ఏ ట్రంకుపెట్టె అడుగునో
ఆకుముడత బొమ్మతో సహా
ఒక్కడి కోసమే పసుపెక్కుతుంటాయి.
వాడు ఏ చీటీ అడగలేదు,
ఏ గీత దగ్గరా ఆగలేదు.
నా రిజిస్టరులో వాడి పేరే లేదు.

బాపట్ల కాలేజీ లైబ్రరీకి ఫోన్ చేశాను.
"నాలుగు పేజీలేగా అక్కా," అన్నాడు కృపావరం.
మర్నాడు పొద్దున్నే బస్సు కండక్టరు చేతికి
కవరు, దానిమీద నా పేరు, పక్కన
"వంచొద్దు" అని ఎర్ర సిరాతో.

అంటించే ముందు చదివాను.
ఇన్నేళ్లూ వెన్నే చూశాను ఆ పుస్తకానికి.
తెల్లదోమ ఆకు కిందే ఎందుకు గుడ్లు పెడుతుందో,
మా నాన్న చేలో ఆ ఏడు ఏం జరిగిందో
అక్కడ రెండు పేరాల్లో ఉంది.

రిజిస్టరు తీసి పదో పేరు రాసుకున్నాను.
అధ్యాయం: ఏడు. పేజీలు: నాలుగు.
అవసరం: స్వంత చదువు.
మంజూరు చేసినవారు, అన్న చోట కాసేపాగి
అక్కడా నేనే.