పొడి అక్షరాలు

గుమ్మిడిపూండి లోకల్, పొన్నేరి దాటింది.
ఆమె సీజన్ టికెట్ నిన్నటితో అయిపోయింది.
సంగతి ఆమెకీ అప్పుడే తెలిసింది.
ఇరవై రెండేళ్ళుగా నల్లకోటు వేసుకుంటున్నాను,
దొంగ మరుపు వేరు, ఉత్త మరుపు వేరు.
రసీదు పుస్తకం తీశాను.
పర్సులో అరవై రూపాయలు, ఫోన్లో చార్జింగ్ లేదు.
తక్కింది నేనే వేశాను.
ఎందుకని అడక్కండి.
నా నంబరు అరచేతిలో రాసుకుని దిగిపోయింది.

రాత్రికి డబ్బు వచ్చింది, వెనకే నాలుగు మాటలు:
"పంపాను. ఇల్లు చేరాను. టీసీ."
తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో.
చివరి రెండూ చిన్నబడిలో, చెప్పులు విడిచి నిలబడ్డట్టు.

టీసీ అంటే నేనే గదా.
పేరు తెలీదు గనక ఉద్యోగంతో పిలిచింది అనుకున్నాను.
కొరుక్కుపేట క్వార్టర్స్ మెట్ల మీద కూర్చుని
నాలుగుసార్లు చదివాను.
ఆ మాట విని ప్లాట్‌ఫారం చివరిదాకా పరిగెత్తినవాళ్ళున్నారు,
బాత్రూములో దాక్కున్నవాళ్ళున్నారు.
ఆ మాటతో పిలిచి, ఇల్లు చేరానని చెప్పినవాళ్ళు
ఇన్నేళ్ళలో ఒక్కరూ లేరు.

తర్వాత అప్పుడప్పుడు:
"వాన పెద్దది టీసీ."
"ఎన్నూరు దగ్గర పట్టాల మీద నీళ్ళట టీసీ."
నేను "మంచిదండి" అని పంపేవాణ్ణి.

మా తమ్ముడి కూతురు వకుళ ఫోన్ లాక్కుని చూసింది.
"పెదనాన్నా, అది నువ్వు కాదు.
టేక్ కేర్. జాగ్రత్త అని.
అందరూ అందరికీ పెడతారు."
నవ్వొస్తే మూడక్షరాలు పంపి ఊరుకునే పిల్ల
ఆ పూట నోరారా నవ్వింది.

నేనేం కొత్తవాణ్ణా వీటికి?
ఆర్ఏసీ అంటే ఒకే బెర్తు మీద ఇద్దరు
తెల్లార్లూ మోకాళ్ళకి క్షమాపణలు చెప్పుకోవడం.
డబ్ల్యూఎల్ అంటే ఆశ, పక్కన ఒక అంకె.
యూనియన్ గ్రూపులో తెల్లవారుజామున మొదటిసారి
"జీఎం" అని పడితే
జనరల్ మేనేజర్ తనిఖీ అనుకుని
కోటు ఇస్త్రీ చేసుకుని స్టేషన్‌కి పోయాను.
శుభోదయమట. ఆరోజు నాకు సెలవు.

అదలా ఉంచండి.
టీసీ అంటే నాకు ఇంకోటి కూడా ఉంది.
నాయుడుపేట, ఎనిమిదో తరగతి, సంవత్సరం సగంలో,
ఫీజు కట్టలేదని
హెడ్మాస్టరు మా నాయన చేతిలో పెట్టిన కాయితం.
నాయన దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు.
"ఏందబ్బయా ఇది?"
"టీసీ."
"అంటే?"
"ఇంక రావద్దని."
ప్రవర్తన: సంతృప్తికరం, అని రాసుంది అందులో.
అది మాత్రం ఆయనకి రెండుసార్లు చదివి వినిపించాను.

మరి ఆమె రాసిన ఆ రెండక్షరాలు?
నన్ను పిలవడమా, జాగ్రత్త చెప్పడమా,
ఇంక చాలు అనడమా?
అడగొచ్చు.
అడిగితే రెండు పోయి ఒకటే మిగుల్తుంది.

నిన్న బేసిన్ బ్రిడ్జి దగ్గర
సిగ్నల్ కోసం బండి ఆగినప్పుడు వచ్చింది:
"షూ కంపెనీ వాళ్ళు ఆంబూరు వేశారు.
బాబు టీసీ తీసుకున్నా. టీసీ టీసీ."

మూడున్నాయి.
మొదటిది కాయితం, అనుమానం లేదు.
తక్కిన రెండింట్లో ఒకటి నేనై ఉండాలి.
ముందుదా, వెనకదా?
వకుళ ఫోన్ చేస్తే ఎత్తలేదు.

పొడి అక్షరాలతో బదులివ్వబుద్ధి కాలేదు.
క్షేమంగా వెళ్ళి రండి, అని
నిండుగా, తెలుగులోనే రాద్దామని మొదలుపెట్టాను.
క నొక్కాను. కింద సున్నా లేని ఆ కొక్కెం నొక్కాను.
ష వెతుకుతున్నాను,
బండి కుదుపుతో కదిలింది, వేలు జారింది.

"క్"

అంతే వెళ్ళింది.
రెండు నీలి గీతలు వెంటనే పడ్డాయి.
ఒట్టి కే అంటే కోపమని
వకుళ ఎప్పుడో చెప్పింది.
సరే అని కూడా అర్థమట, మనిషిని బట్టి.

ఎదురుగా ఉన్నతను నా మొహంకేసి చూసి
అడక్కుండానే టికెట్ తీసి చూపించాడు.