కొంగు లేని చోట

నైటీకి కొంగుండదు.
ఈ మాట నేను కనిపెట్టింది కాదు,
కంచరపాలెం మెట్టు దగ్గర మా వరసలో
అందరి నైటీల పొట్టలూ చెప్పేదే.
పసుపు ఒకచోట, చేప నీచు ఒకచోట,
పిండి చెయ్యి అయిదు వేళ్ళతో సహా ఇంకోచోట.

మా అమ్మకి మసిగుడ్డ వేరే లేదు.
దాక దించినా కొంగే, కళ్ళు మండినా కొంగే,
చిల్లర ముడేసినా, నా ముక్కు తుడిచినా అదే.
అందుకే కాబోలు
ఏప్రన్‌కి మన దగ్గర పేరు పుట్టలేదు.
నూకరత్నం దాన్ని 'ముందుగుడ్డ' అంటుంది.
నేను రసీదు మీదా అదే రాస్తాను.

పూర్ణా మార్కెట్ వెనక సందులో
తూకానికి అమ్మే ముక్కలు తెస్తాను.
ముందు రంగు చూడను, నలిపి చూస్తాను.
నీళ్ళు తాగే గుడ్డ కావాలి,
గంజి దిగితే జల్లెడలా మిగిలేది వద్దు.
తెచ్చి ఒక రాత్రి నానేస్తాను,
ముడుచుకునేదేదో కుట్టకముందే ముడుచుకోనీ.

మెడలో తాడు వెయ్యను నేను.
పొద్దస్తమానం మెడ వంచి తరిగేవాళ్ళకి
ఇంకో బరువెందుకు?
భుజాల మీంచి తెచ్చి వీపున అడ్డంగా దాటిస్తాను.
జేబు కుడివైపు, కాస్త వాలుగా,
తడిచెయ్యి చూడకుండానే దూరేలా.
దాని మూలల్లో చిన్న త్రికోణం కుట్టు,
చిరిగేది ఎప్పుడూ అక్కడే.
నూకరత్నానికి మాత్రం లోపలొక దొంగజేబు,
చీటీ డబ్బులకి.
ఎవరికీ చెప్పొద్దంది.
చెప్పేశాను.

సముద్రం గాలికి సూదులు తుప్పు పడతాయి ఇక్కడ.
ఒక్క రాత్రి గుడ్డలో మరిచిపోతే
తెల్లారేసరికి ఇటుకరంగు చుక్క.
ఆ చుక్క కప్పడానికే
మొదటిసారి పువ్వు కుట్టాను.
భలే ఉందన్నారు అందరూ.
అననీ.

మొన్న సూరప్పడు గారొచ్చారు,
పోర్టులో క్రేను నడిపి రిటైరైనాయన.
చేతిలో పురికొస, దానికి రెండు ముడులు.
"మొదటి ముడి పొడుగు, రెండోది నడుం.
నువ్వు కొలిస్తే బాగోదని
ఇంటికాడే కొలుసుకొచ్చినాను."
ఆవిడకి మణికట్టు విరిగి నెలయిందట.
ఆవిడ ముందుగుడ్డే కట్టుకుంటున్నారట ఇన్నాళ్ళూ,
తాళ్ళు మాత్రం పొట్ట దాటి రానంటున్నాయట.

నీలంది తీశాను. గళ్ళది తీశాను.
రెండూ పక్కకి జరిపి
"పువ్వుల్లేవేటి?" అన్నారు.
"మగోళ్ళకి..." అని నసిగాను.
"పువ్వులేం కరవవు కదమ్మా.
కోనాం పులుసు కుదరకపోతే
కనీసం నన్ను చూసి నవ్వుతాది."

కుట్టాను.
ఆ గుడ్డ మీద తుప్పు చుక్క ఒక్కటీ లేదు,
అయినా ఎడమ భుజం కింద మూడు గన్నేరు పూలు,
ఒకటి కొంచెం వంకరగా.
తాళ్ళకి ఒక జానెడు ఎక్కువే వదిలాను.
పులుసు కుదిరితే పొట్ట పెరుగుతుంది కదా.

పురికొస తిరిగి ఇవ్వడం మరిచాను.
మిషను పక్క మేకుకి వేలాడుతోంది,
కొస నుంచి రెండో ముడి దాకా
ఒక మనిషి చుట్టుకొలత.
ఫ్యాను గాలికి కాస్త ఊగుతుంది.

గేటు దగ్గర గూడ్సు ఆగింది.
అది కదిలేలోగా మిషనుకి నూనె వేశాను.
చెయ్యి
నైటీకే తుడిచాను.