పదో నంబరు పానా

తాళం తీసి చేతిలో పట్టుకున్నాను.
ఇంజను పడుకుంది.
దీపాలు పడుకోలేదు.

నారిన్‌లో జనవరి. సున్నాకి ఇరవై రెండు మెట్లు కింద.
జపానులో ఎవరో నడిపి నడిపి విసిగి వదిలేస్తే
ఓడెక్కి, రైలెక్కి, కనుమలు దాటి
నా దాకా వచ్చిన కుడిచేతి స్టీరింగు కారు
ఎదురింటి గోడని రెప్ప వేయకుండా చూస్తోంది.

స్విచ్చి ఇటు తిప్పాను. అటు తిప్పాను.
దానికి చక్కిలిగింత కూడా పెట్టలేదు.
అద్దం కింద వెలుతురు పసిగట్టే గాజుబొట్టు ఉంటుందనీ
దుమ్ము పడితే అది రాత్రనుకుంటుందనీ
టాక్సీల అడ్డాలో ఒకాయన చెప్పాడు.
తుడిచాను.
రాత్రేగా మరి, రాత్రే అనుకుంది.

కారుతో వచ్చిన పుస్తకం జపాను భాషలో ఉంది.
బొమ్మలో ఒకమ్మాయి మీట తిప్పి నవ్వుతోంది.
ఆమెవి ఆరిపోయుంటాయి.

మొదటి రాత్రి తెల్లవార్లూ వెలిగి
బ్యాటరీ చచ్చాకే ఆరాయి.
గోడ వారన పోగేసిన మంచులో రెండు గుంటలు.
ఒకదాంట్లో వీధి కుక్క పడుకుంది.
బురుల్‌కాన్ అక్క కిటికీకి దుప్పటి కట్టింది.
నన్నేమీ అనలేదు. దుప్పటే అంది.

ఆ తర్వాత పదో నంబరు పానా.
రోజూ రాత్రి బానెట్ ఎత్తి
బ్యాటరీ మైనస్ తీగ విప్పేదాన్ని.
చేతికి తొడుగుంటే నట్టు దొరకదు,
తొడుగు తీస్తే కాసేపటికి వేళ్ళు దొరకవు.
పొద్దున్నే బిగిస్తే
కారు గడియారం ఒంటిగంట అనేది.
ఐదు రోజులు వరసగా
నేను ఆస్పత్రి డ్యూటీకి ఒంటిగంటా పదికి చేరాను.

ఆరోనాటి రాత్రి ఎసెన్‌గుల్ వచ్చాడు,
లారీల రేడియేటర్లు అతికే మనిషి.
ఫ్యూజుల డబ్బాకి చెవి ఆనించి
స్క్రూడ్రైవరు పిడితో రిలేని రెండుసార్లు తట్టి
"లోపల రాగి నాలుకలు రెండూ అతుక్కున్నాయి" అన్నాడు,
"పెళ్ళైన కొత్తలో మాకులాగే."
కొత్తది బిష్కెక్‌లో దొరుకుతుంది.
కనుమ మూసేశారు.
"పక్కది హార్న్ రిలే. దీని కవల.
అటుది ఇటు, ఇటుది అటు పెట్టి చూద్దామా?"

పెట్టాడు. నేను తీగ బిగించాను.
దీపాలు వెలగలేదు.
ఆ సంగతి మాకు చాలాసేపటి దాకా తెలీలేదు,
కారు అరుస్తోంది మరి.

పదకొండున్నరకి, ఆపకుండా, ఊపిరి తీయకుండా.
ముందు కుక్కలు లేచాయి, తర్వాత ఒక గాడిద,
తర్వాత పిల్లలు,
అందరికన్నా ఆఖర్న
రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని పోలీసు.
నాలుకలకి చోటు మారింది, అలవాటు మారలేదు.
నేను పానా కోసం మంచులో తడుముతుంటే
ఎసెన్‌గుల్ ఒట్టి చేత్తో రిలేని పీకి
పన్ను పీకినవాడిలా పైకెత్తి చూపించాడు.

నిశ్శబ్దం.
చీకటి.
రెండూ ఒకేసారి.

"నీ కారుకిక గొంతు లేదు" అన్నాడు.
"కన్ను మూస్తుంది చాలు" అన్నాను.
డబ్బులు పుచ్చుకోలేదు. మూడు గిన్నెల టీ తాగాడు.
పదో నంబరు పానా మాత్రం
తనదే అనుకుని జేబులో వేసుకెళ్ళాడు.

పొద్దున బురుల్‌కాన్ అక్క దుప్పటి విప్పి
నా వైపు చూసి దులిపింది.
కుక్క ఆ గుంటలోనే ఉంది.

వారం తర్వాత అట్-బాషీ దారిలో
రోడ్డు నిండా గొర్రెలు.
అలవాటుగా స్టీరింగు మధ్య అరచేయి నొక్కాను.
రబ్బరు లోపలికి పోయి బయటికొచ్చింది, అంతే.
అద్దం దించి, చలిలోకి తల పెట్టి అరిచాను.
నాకింత గొంతుందని నాకు తెలీదు.
గొర్రెలకి తెలియాల్సిన అవసరం లేదు.
కాపరి గుర్రం తిప్పుకుని పక్కకి వచ్చాడు,
వంగి, మర్యాదగా చెప్పాడు:
"చెల్లెమ్మా, పట్టపగలు. లైట్లు వెలుగుతున్నాయి."

స్విచ్చి తిప్పాను. ఆరాయి.
మళ్ళీ వేశాను.
మళ్ళీ ఆర్పాను.
ఆఖరి గొర్రె దాటేదాకా.